తూటాలు అయిపోని తుపాకీ

ఆదివారం కదా, పొద్దున్నే మటన్ షాపు ముందు నిలబడి వచ్చే ఉంటారు. తలకాయ కూర ప్రియులైతే ఓ సంగతి గమనించే ఉంటారు. మేక తలను రెండు చేయడం మాటలు కాదు. కొట్టేవాడు దాన్ని మొద్దు మీద కుదురుగా ఆనిస్తాడు. సన్నకత్తి పక్కన పెట్టి బరువైన కత్తి అందుకుంటాడు. గురి చూసి ఒకే చోట రెండు మూడు దెబ్బలు వేస్తాడు. అప్పటిగ్గానీ ఎముక విడిపోదు. ఆ మేక కదలదు, మీద పడదు, కరవదు. కొట్టేవాడికి ఏళ్ల తరబడి అలవాటైన పని. అయినా అంత ప్రయాస!

ఇప్పుడు రాత్రి పొద్దుపోయేదాకా పిల్లలు కళ్లప్పగించి చూసిన జాంబీల సీరియల్ గుర్తు చేసుకోండి. చచ్చి లేచిన శవం మీదికొస్తుంది. అది కరిస్తే మనమూ అదే బాపతు. దాన్ని ఆపాలంటే ఒకటే దారి... తల పగలాలి. సరే, ఒప్పుకుందాం. కథ కథే. శవం ఎలా నడుస్తుందని అడగబోవడం లేదు. కానీ ఆ తలలోకి పదేళ్ల పిల్ల కూడా కూరగాయల కత్తిని పుచ్చకాయలో దించినట్టు దించేస్తుందే, అదెలాగని మాత్రం అడగాలి. మనిషి పుర్రె దాదాపు 6, 7 మిల్లీమీటర్ల మందం. గుండ్రంగా ఉంటుంది కాబట్టి కత్తి జారిపోతుంది. కుళ్లిన శవం కదా, మెత్తబడి ఉంటుందని అభిమానులు సర్దిచెబుతారు. కుళ్లేది కండ. ఎముక అందరికంటే ఆఖరున పోతుంది. మన పొలాల్లో ఎప్పుడో చచ్చిన ఎద్దు పుర్రె ఎండకూ వానకూ ఏళ్ల తరబడి అలాగే పడి ఉండటం చూడలేదూ?

ఇంకో చిక్కుంది. కట్టెలు కొట్టినవాళ్లకి బాగా తెలుసు. గొడ్డలి దెబ్బ వేయడం కష్టం కాదు, మొద్దులో ఇరుక్కున్న గొడ్డలిని బయటికి లాగడం కష్టం. సీరియల్లో కత్తి దిగినంత తేలిగ్గా బయటికొచ్చేస్తుంది. వెంటనే రెండోవాడు, మూడోవాడు, పదోవాడు. చెయ్యి నొప్పి పుట్టదు. రోకటితో కారం దంచే ఇల్లాలిని అడగండి, పావుగంటకే భుజాలెలా లాగుతాయో చెబుతుంది.

ఈ సీరియళ్లలో పెద్దన్న 'ది వాకింగ్ డెడ్'. అమెరికాలో 2010 అక్టోబరు 31న మొదలై 2022 నవంబరు దాకా 11 సీజన్లు నడిచింది. అందులో ఆయుధాల విషయంలో ఓ చిత్రం కనిపిస్తుంది. వస్తువు అచ్చంగా అసలుదే ఉంటుంది. హీరో రిక్ చేతిలోని రివాల్వర్ కోల్ట్ పైథాన్. ఆరు తూటాలది. కంపెనీ, మోడలు, బరువు, పట్టుకునే తీరు... వేలెత్తి చూపే పని లేదు. తేడా అంతా ఆ వస్తువు చుట్టూ ఉండాల్సిన వాటిలోనే. తూటాల సంచి ఏది? నూనె డబ్బా ఏది? నూరే రాయి ఏది? మిషోన్ అనే పాత్ర జపాన్ కత్తితో సీజన్ల తరబడి తలలు నరుకుతూ పోతుంది. నల్లగొండ జిల్లాలో తాళ్లెక్కే గీత కార్మికుడు గెల కోసే కత్తినే రోజూ నూరుకుంటాడు. గెల కోయడానికే రోజూ నూరాలంటే, పుర్రెలు కోసే కత్తి సంగతేమిటి? (అన్నట్టు, జాంబీలొస్తే ఈ జిల్లాలో అందరికంటే సురక్షితంగా ఉండేది ఆ గీత కార్మికుడే. మోకు వేసుకుని తాడెక్కి కూర్చుంటే ఏ శవమూ పైకి రాలేదు. పైన తాగడానికి కూడా ఉంటుంది.)

న్యాయంగా చెప్పాలంటే అదే సీరియల్ మొదటి భాగంలో ఓ మంచి ఘట్టం ఉంది. రిక్ యుద్ధట్యాంకులోకి దూరి లోపల రివాల్వర్ పేలుస్తాడు. ఆ ఇనప పెట్టెలో మోత మోగేసరికి చెవులు గింగురుమని దిమ్మెరపోతాడు. అదీ నిజం! తుపాకీ శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది. సైలెన్సర్ తగిలిస్తే ఇరవయ్యో ముప్పయ్యో తగ్గుతుంది. సినిమాల్లో వినిపించే 'ఫట్' మాత్రం రాదు. ఆ మొదటి భాగం తర్వాత మన హీరోలు గదుల్లో, కార్లలో వందలసార్లు కాల్చినా ఎవరికీ చెవుడు రాలేదు. తెల్లారి మామూలుగానే గుసగుసలాడుకుంటారు.

డేరిల్ అనే పాత్ర వాడే క్రాస్‌బో కూడా సగం నిజం, సగం కథ. శబ్దం రాదు, వేసిన బాణాన్ని శవం నుంచి పీక్కుని మళ్లీ వాడుకోవచ్చు. ఇది చక్కగా చూపించారు. కానీ దాని తాడు లాగాలంటే ముందుకొస నేలకు ఆనించి, కాలితో తొక్కిపట్టి, రెండు చేతులా 50 కిలోల బరువు ఎత్తినంత బలంతో గుంజాలి. మీదికి పదిమంది వస్తుంటే అంత తీరిక ఎక్కడిది?

గుళ్లెక్కడివి?

అసలు ప్రశ్న ఇది. తుపాకీ దొరకడం ఒక ఎత్తు, దాని పొట్ట నింపడం ఇంకో ఎత్తు. జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2017 నాటికి వేసిన అంచనా ప్రకారం అమెరికాలో మామూలు జనం దగ్గరున్న తుపాకులు 39 కోట్లకు పైమాటే. నూరుమందికి 120! ఆ దేశంలో తీసిన సీరియల్లో ప్రతి ఇంటి అలమరలో తుపాకీ దొరకడం అతిశయోక్తి కాదు. అదే అంచనాలో మన దేశానికి వచ్చేసరికి నూరుమందికి 5. అందులోనూ ఎక్కువ భాగం లైసెన్సు లేనివే. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించి, లైసెన్సున్నవాళ్లు కూడా రెండుకు మించి ఉంచుకోకూడదన్నారు. దేవరకొండలోనో, మక్తల్‌లోనో ఓ వీధివీధంతా వెతికినా రిక్ చేతిలో ఉన్నలాంటిది దొరకదు.

అందుకే కొరియావాళ్ల జాంబీలు మనకు దగ్గరగా అనిపిస్తాయి. అక్కడా జనం దగ్గర తుపాకులుండవు. 2016లో వచ్చిన 'ట్రెయిన్ టు బూసాన్' సినిమాలో మనుషులు చేతులకు టేపు చుట్టుకుని, బేస్‌బాల్ బ్యాట్లు పట్టుకుని రైలు పెట్టెలు దాటతారు. 2022 నాటి 'ఆల్ ఆఫ్ అస్ ఆర్ డెడ్' సీరియల్లో బడిపిల్లలకు బడిలో దొరికినవే ఆయుధాలు. 2019 నాటి 'కింగ్‌డమ్' మరీ బాగుంటుంది. కొన్ని వందల ఏళ్ల కిందటి రాజుల కాలం. విల్లులు, కత్తులు, వత్తి అంటించి పేల్చే తుపాకులు. ఒక్కసారి పేల్చాక మళ్లీ నింపుకునేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సిందే.

మన తెలుగులో 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' తీసినప్పుడు కథను సీమ ఫ్యాక్షన్ ఊళ్లోకి తీసుకెళ్లాడు. తెలివైన పని. వేటకొడవళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయని మన ప్రేక్షకుడు అడగడు మరి! తెలుగు సినిమాలో సీమ అంటే ఇంటింటా అవి ఉంటాయనే లెక్క. అదీ ఓ సినిమా అబద్ధమే, కాకపోతే మనకు అలవాటైన అబద్ధం.

మంచె మీది ఆయుధం

మరి నల్లగొండ, మహబూబ్‌నగర్ ఊళ్లలో ఏముంటాయి? ఊహించుకోవాల్సిన పనిలేదు. మామూలు జనం ఇంట్లో ఉన్నవాటితో తుపాకుల వాళ్లను ఎదుర్కోవాల్సి వచ్చిన కాలం ఇక్కడ ఉంది, దాని గురించి రాతలూ ఉన్నాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం. ఆ త్యాగాలను జాంబీల సీరియల్ పక్కన పెట్టి మాట్లాడటం కొందరికి బాగోదనిపించవచ్చు. నాకు మాత్రం ఉల్టా అనిపిస్తుంది. ఆయుధం నిజంగా ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అన్నది ప్రాణం పెట్టి తెలుసుకున్నవాళ్లు వాళ్లు. టీవీ రచయితలు కాదు.

1946 జులై 4. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండి. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల ఆగడాలకు వ్యతిరేకంగా సంఘం జనం ఊరేగింపుగా కదిలారు. చేతుల్లో కర్రలు, ఒడిసెలలు. గడీ వైపు నుంచి తుపాకులు పేలాయి. దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే నేలకొరిగాడు. ఆయన చావుతో భయపడి ఇళ్లకు పోవాల్సిన జనం ఆ కర్రలతోనే వేలమందిగా ఊరూరా తిరిగారు. పుచ్చలపల్లి సుందరయ్య ఈ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఈ కర్రలు, ఒడిసెలల ప్రస్తావన కనిపిస్తుంది. ఇక్కడి మాటలో ఆ లావుపాటి కర్రను గుత్ప అంటారు.

ఒడిసెల అంటే ఈ తరానికి చెప్పాలి. పుస్తకాల భాషలో వడిసెల. ఒక తాడు, దాని నడుమ రాయి పట్టేంత చిన్న అల్లిక. తాడు ఒక కొసను వేలికి తగిలించుకుని, రెండో కొసను పట్టుకుని, తల చుట్టూ గిర్రున తిప్పి, అదను చూసి వదలాలి. రాయి రివ్వున వంద గజాలు దాటిపోతుంది. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని కొట్టడానికి పుట్టిన వస్తువిది. తుపాకీ కంపెనీలు చేసే ఆయుధం కాదు. పైసా ఖర్చు లేదు. తాడు తెగితే ఇంకోటి పేనుకోవచ్చు. ఇక గుళ్లంటారా... పేరులోనే నల్లని కొండ ఉన్న జిల్లాలో రాళ్లకు కరువా? తూటాలు అయిపోని తుపాకీ అంటూ ఈ భూమ్మీద ఏదైనా ఉంటే అది ఇదే.

కానీ దీనికీ ఓ ధర ఉంది. చిన్నప్పటి నుంచి చేతికి అలవాటు కావాలి. వేలు విడిచే క్షణం కాస్త అటూ ఇటూ అయితే రాయి ముందుకు పోవడానికి బదులు పక్కవాడి నుదుటికి తగులుతుంది. రివాల్వర్ ఎవరైనా ఓ పూటలో నేర్చుకుంటారు, ఒడిసెలకు ఏళ్లు పడుతుంది. నేను చూసిన జాంబీల సీరియళ్లలో ఒక్కదాంట్లోనూ ఒడిసెల కనిపించలేదు. కనిపించి ఉంటే, పట్నం నుంచి పారిపోయివచ్చిన కుర్రాడు మొదటి దెబ్బకే తల పగలగొట్టినట్టు చూపించేవారేమో!

ఆ తర్వాత దళాల చేతికి తుపాకులొచ్చాయి. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. దేశ్‌ముఖ్‌ల గడీల నుంచి, పోలీసుల నుంచి గుంజుకున్నవి కొన్ని. మిగతావి భర్మార్లు. ఈ భర్మార్ నింపడం చూస్తే సీరియళ్లలో తుపాకీ కాల్పులు నవ్వు తెప్పిస్తాయి. గొట్టం మూతిలోంచి మందు పోయాలి. గుడ్డపేలికో పీచో కుక్కాలి. గుళ్లు వేయాలి. మళ్లీ కుక్కాలి. ఇనుప చువ్వతో దంచాలి. ఆఖరున నిప్పు రాజేసే టోపీ పెట్టాలి. అప్పుడు ఒక్కటంటే ఒక్క దెబ్బ. మందు తడిస్తే అదీ లేదు. వానాకాలంలో ఇది కర్రతో సమానం.

నిజమైన తుపాకీ ఉన్నవాళ్లకీ తూటా తూటాకీ లెక్కే. పేల్చాక మళ్లీ ఎక్కడ దొరుకుతుందో తెలియదు. సూర్యాపేట ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో పుట్టి, చిన్న వయసులోనే దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యం తలకు నిజాం ప్రభుత్వం 10 వేల రూపాయల వెల కట్టింది. ఆమె ఆత్మకథ 2019లో వచ్చింది. పేరు 'నా మాటే తుపాకీ తూటా'. తూటా విలువ తెలిసిన మనిషి పెట్టుకున్న పేరది. 2022 మార్చిలో ఆమె కన్నుమూశారు.

'వాకింగ్ డెడ్' రచయితలకు ఈ తూటాల కరువు గుర్తుకు రావడానికి ఆరేడు సీజన్లు పట్టింది. యూజీన్ అనే మేధావి పాత్ర సొంతంగా తూటా తయారుచేసే పనిలో పడుతుంది. ఆ సీజన్లో ఒక్క తూటా కోసం మనుషులు ఎంత తర్జనభర్జన పడతారో చూస్తే, ఈ బుద్ధి మొదట్లోనే ఉండాల్సిందనిపిస్తుంది.

కోటగోడల సంగతి మాత్రం సీరియల్ వాళ్లు సరిగ్గా పట్టుకున్నారు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లి బురుజు చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. ఊరి జనం ఆ బురుజును ఆసరా చేసుకుని, కాపలా కాసి, ఒడిసెలలతో, నాటు తుపాకులతో రజాకార్ల దాడుల్ని తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న వాళ్లు పోలీసులతో కలిసి పెద్ద బలగంతో, పెద్ద ఆయుధాలతో వచ్చారు. ఆ ఒక్కరోజే పదుల సంఖ్యలో ఊరివాళ్లను చంపేశారు. హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది ఇంకో మూడు వారాలకే. బురుజు ఇప్పటికీ ఉంది. సీరియల్లో రిక్ బృందం తలదాచుకున్న జైలు కంచెను జాంబీలు నెలల తరబడి నెడతాయి. ఆఖరికి ఆ జైలును వాళ్లకు కాకుండా చేసేది మాత్రం యుద్ధట్యాంకు వేసుకుని వచ్చిన మనిషి.

భయం లేని శత్రువు

ఇక్కడే ఓ మెలిక ఉంది. సీరియల్ వాళ్లను వెనకేసుకు రావాల్సింది కూడా ఇక్కడే.

పోరాటకాలంలో ఆడవాళ్ల ఆయుధాలు రోకళ్లు, కారప్పొడి. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' లాంటి పుస్తకాల్లో ఆ కాలపు ఆడవాళ్ల జ్ఞాపకాలు వాళ్ల నోటి మాటల్లోనే ఉన్నాయి. కారం ఎందుకు పనిచేస్తుంది? కళ్లు మండుతాయి కాబట్టి. ఒడిసెల రాళ్ల వాన ఎందుకు పనిచేస్తుంది? తగిలినవాడికన్నా తగలనివాడు ఎక్కువ జడుస్తాడు కాబట్టి. వేలమంది గుత్పలు పట్టుకుని వస్తుంటే గడీలో దొర పారిపోవడం ఎందుకు? ఆ గుత్పలు అందర్నీ చంపుతాయని కాదు, చంపుతాయేమోనని. నిజ జీవితంలో ఆయుధం చేసే పనిలో ముప్పాతిక భాగం భయమే చేస్తుంది. తీసి చూపిస్తే చాలు, చాలాసార్లు వాడాల్సిన పనే రాదు.

జాంబీకి భయం లేదు. నొప్పి లేదు. కళ్లలో కారం పడితే రుద్దుకోదు. పక్కవాడు పడిపోతే వెనక్కి చూడదు. అంటే మన ఇళ్లలో, పొలాల్లో ఉన్న ఆయుధాల్లో చాలావరకు దాని ముందు దండగ. తల పగలగొట్టే వస్తువే కావాలి. కాబట్టి రచయితలు ప్రతివాడికీ ఓ పుర్రెల కత్తి ఇచ్చి, పుర్రెను పుచ్చకాయ చేయక తప్పలేదు. పుర్రె నిజంగా ఉండేంత గట్టిగా ఉంటే మొదటి భాగంలోనే అందరూ పోతారు, రెండో భాగం ఉండదు. నెట్‌ఫ్లిక్స్‌లో 2020లో వచ్చిన మన హిందీ సీరియల్ 'బేతాళ్' దీనికి దేశవాళీ ఉపాయం వెతికింది. పసుపు, ఉప్పు, బూడిద. అక్కడ శవాలతో పాటు శాపమూ ఉంది కాబట్టి చెల్లింది. చూస్తుంటే మన కారం డబ్బాకు చుట్టమేననిపించింది.

ఇక పాలమూరు వైపు వెళ్తే, భయంతో పనిలేని ఆయుధం ఒకటి ఉంది. అమ్రాబాద్ గుట్టల్లోని చెంచుల విల్లు. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త 1940లో వాళ్లతో గడిపి, 1943లో పుస్తకం అచ్చువేయించాడు. విల్లు, బాణాలు, గొడ్డలి, గడ్డలు తవ్వుకునే కర్ర. ఆస్తంతా అంతే. డేరిల్ క్రాస్‌బో మీద ఈ మామూలు విల్లుకే నా ఓటు. కాలితో తొక్కిపట్టే పనిలేదు, ఒకటి వేసి ఊపిరి తీసుకునేలోపు రెండోది వేయొచ్చు. కానీ అదే పుస్తకం చదివితే తెలిసేది ఇంకోటుంది. చెంచుల కడుపు నింపింది వేటకన్నా గడ్డలూ కాయలే. విల్లుకన్నా తవ్వుకర్రకే పని ఎక్కువ. 1948 తర్వాత సైన్యం ధాటికి మైదానాల్లో నిలవలేక దళాలు చేరింది కూడా ఈ నల్లమలకే. అక్కడ దాక్కోగలిగినవాడే బతికాడు.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2011 మేలో జాంబీలొస్తే ఏం దగ్గర పెట్టుకోవాలో సరదాగా ఓ జాబితా ప్రకటించింది. తుపానులకు, వరదలకు జనాన్ని సిద్ధం చేయడం అసలు ఉద్దేశం. అందులో మనిషికి రోజుకు ఓ గ్యాలన్ నీళ్లు, అంటే దాదాపు నాలుగు లీటర్లు. తిండి, మందులు, రేడియో, కాగితాలు ఉన్నాయి. చిన్న కత్తి ఉంది, అదీ పనిముట్టుగా. తుపాకీ ఊసే లేదు. మంచినీళ్లు ముందు పెట్టమన్న మాట ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన నల్లగొండ ఊళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఒడిసెల ఏమైంది? జొన్నచేలు తగ్గి పత్తి వచ్చింది. పత్తికి పిట్టలతో పేచీ లేదు, మంచెతో పనిలేదు. మంచె పోయాక ఒడిసెల తిప్పడం నేర్పేవాడూ పోయాడు. ఇప్పుడు రైతుకు పెద్ద బెడద కోతులు. వాటికోసం ప్లాస్టిక్ పైపుతో చేసిన కార్బైడ్ గన్ వచ్చింది. కాస్త కార్బైడ్, నాలుగు చుక్కల నీళ్లు, ఓ నిప్పురవ్వ. ఢామ్మంటుంది, కోతులు పారిపోతాయి. దాంట్లో గుండు ఉండదు, ఉన్నదంతా మోతే. దాన్ని బొమ్మ అనుకోవద్దు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఇలాంటి గొట్టాలతో ఆడుకుని ఎంతోమంది పిల్లలు కళ్లు పాడుచేసుకున్నారు. కోతుల దగ్గర పనిచేస్తుంది కాబట్టి జాంబీల దగ్గరా పనికొస్తుందేమోనని ఎవరికైనా ఆలోచన వస్తే, ఒకటే మాట. ఏ సీరియల్లోనైనా జాంబీలు మోత వినపడ్డ వైపే నడిచొస్తాయి.